కారుకి పెద్ద డైనమో కావాలా? డబ్బు పెట్టే ముందు కొలిచి తేల్చుకోండి

ఏసీ ఫుల్లుగా పెట్టుకుని విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్ల వెలుగు డల్ అవుతోంది. పొద్దున్నే సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. ఆంప్లిఫయర్ పెట్టించినప్పటి నుంచి బేస్ పడినప్పుడల్లా మీటర్ లైట్లు మినుకుమంటున్నాయి. వీటిలో ఏది మొదలైనా తోటివాళ్లు ఇచ్చే సలహా ఒకటే: "డైనమో చాలట్లేదు, పెద్దది వేయించు."

డైనమో అంటే ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ కారుకి కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపే యంత్రం. ఆ సలహా కొన్నిసార్లు సరైనదే. కానీ నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంపెనీ ఇచ్చిన సామాను తప్ప ఇంకేమీ బిగించని ఇంటి కారుకి పెద్ద డైనమో దాదాపుగా అవసరం రాదు. అలాంటి కారులో ఈ లక్షణాలు కనిపిస్తున్నాయంటే బ్యాటరీ ముసలిదైనా అయి ఉండాలి, బెల్టు జారుతూనైనా ఉండాలి, ఎర్త్ వైరు తుప్పైనా పట్టి ఉండాలి, లేదా ఉన్న డైనమోయే సగం చచ్చి ఉండాలి. వాటిని వదిలేసి పెద్దది వేయిస్తే డబ్బు పోతుంది, జబ్బు మిగిలిపోతుంది. ఎక్స్‌ట్రా లైట్లు, ఆంప్లిఫయర్, ఇన్వర్టర్, ఫ్రిజ్ లాంటివి ఉంటే మాత్రం లెక్క వేయాల్సిందే. ఆ లెక్క ఇంటి దగ్గరే, ఒక మధ్యాహ్నంలో మీరే వేసుకోవచ్చు.

డైనమో మీద రాసిన అంకెను ఎలా చదవాలి

మెకానిక్కులు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ ఒంటి మీద ఒక స్టిక్కరో, చెక్కిన అక్షరాలో ఉంటాయి. 14 వోల్టులు, 75 ఆంపియర్లు అన్నట్టుగా. ఈ 75 అనేది డైనమో షాఫ్టు నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఇచ్చే కరెంటు. ఇంజిన్ పుల్లీ పెద్దది, డైనమో పుల్లీ చిన్నది కాబట్టి ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే డైనమో రెండున్నర నుంచి మూడు చుట్లు తిరుగుతుంది. హైవే మీద ఇంజిన్ 2200 దగ్గర ఉంటే డైనమో 6000 చుట్టుపక్కలకి చేరుతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ 800లో ఉంటే డైనమో తిరిగేది 2000, 2400 మాత్రమే. ఆ వేగంలో స్టిక్కర్ మీద ఉన్నదాంట్లో సుమారు సగం కరెంటే వస్తుంది. కొన్ని డైనమోల మీద 45-80 అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది తక్కువ వేగంలో, రెండోది ఎక్కువ వేగంలో ఇచ్చే కరెంటు. మన ఊళ్లో కారు నడిపేవాళ్లకి ఆ మొదటి అంకే ముఖ్యం.

దీనికి ఎండ తోడవుతుంది. రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, డైనమో ఇచ్చే కరెంటు తగ్గుతుంది. మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు ఉంటే, కారు ఆగి ఉన్నప్పుడు బానెట్ కింద వేడి ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. 75 ఆంపియర్ల డైనమో ఆ పరిస్థితిలో ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, 35 నుంచి 45 మధ్య ఇస్తే బాగానే పనిచేస్తున్నట్టు లెక్క.

ఇంకో అపోహ. పెద్ద డైనమో వేస్తే బ్యాటరీలోకి, వైర్లలోకి ఎక్కువ కరెంటు తోసేసి కాల్చేస్తుందని కొందరు భయపడతారు. డైనమో కరెంటును తోయదు. రెగ్యులేటర్ వోల్టేజీని 14 దగ్గర నిలబెడుతుంది, సామాను తమకు కావలసినంత లాక్కుంటాయి. 120 ఆంపియర్ల డైనమో ఉన్నా కారుకి 40 చాలితే 40 మాత్రమే ఇస్తుంది.

బ్యాటరీని పెద్దది చేస్తే సరిపోతుందనే వాదన కూడా ఎక్కువగానే వినిపిస్తుంది. డాబా మీద ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు చిన్నదైతే, ట్యాంకు ఎంత పెద్దది కట్టినా రోజూ వాడకం ఎక్కువగా ఉన్న ఇంట్లో అది ఏదో ఒక రోజు ఖాళీ అవుతుంది. బ్యాటరీ ట్యాంకు, డైనమో మోటారు. పెద్ద బ్యాటరీ కాసేపు ఎక్కువ ఓర్చుకుంటుంది, అంతే.

కావలసినవి

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, ఒక క్లాంప్ మీటర్. క్లాంప్ మీటర్ కొనేటప్పుడు, అడిగి తెచ్చుకునేటప్పుడు ఒకటి జాగ్రత్తగా చూడండి. ఇళ్లలో వైరింగ్ చేసేవాళ్ల దగ్గర ఉండే టాంగ్ టెస్టర్లు చాలావరకు ఇంటి కరెంటును మాత్రమే కొలుస్తాయి. కారు బ్యాటరీ కరెంటు డీసీ. డీసీ ఆంపియర్లు చూపించే మీటరే కావాలి. కొనడం ఇష్టం లేకపోతే మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది, ఆయన చేత కొలిపించి అంకెలు మీరు రాసుకోండి.

కారు గాలి ఆడేచోట నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. చేతి ఉంగరాలు, కడియం, స్టీలు గొలుసు వాచీ తీసేయండి. చున్నీ, పొడుగు చేతుల చొక్కా బెల్టు దగ్గరికి రాకూడదు. రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడైనా ఉన్నట్టుండి తిరగడం మొదలుపెడుతుంది.

ముందు బ్యాటరీ సంగతి తేల్చండి

రాత్రంతా ఆగిన కారుకి పొద్దున్నే, తాళం తిప్పకముందే, బ్యాటరీ టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 అంటే పావు మిగిలినట్టు. తర్వాత ఎవరినైనా స్టార్ట్ చేయమని మీటర్ చూస్తూ ఉండండి. సెల్ఫ్ తిరిగే ఆ రెండు సెకన్లలో వోల్టేజీ 10 కంటే కిందికి జారితే బ్యాటరీని అనుమానించాలి, 9.6 కూడా దాటి కిందికి పోతే దాదాపు ఖాయం. బ్యాటరీ షాపులో లోడ్ టెస్టర్ పెట్టించి నిర్ధారించుకోండి, రెండు నిమిషాల పని.

మన వేడికి బ్యాటరీలు త్వరగా పోతాయి. చలి ప్రదేశాల్లో వచ్చినన్ని సంవత్సరాలు ఇక్కడ రావు. మూడేళ్లు దాటిన బ్యాటరీ ఉన్న కారులో డైనమో గురించి ఆలోచించడం కంటే ముందు దాన్ని పరీక్షించడం న్యాయం.

కారు ఎక్కువ రోజులు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంటోందా? డ్యాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్‌లో పెట్టారా? జీపీఎస్ ట్రాకర్ ఉందా? తాళం వేసి అరగంట ఆగాక కారు లాగే కరెంటు 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. 0.3 ఆంపియర్లు లాగే కెమెరా రోజుకి 7 ఆంపియర్ అవర్లకు పైగా తింటుంది (ఒక ఆంపియరు గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్). 35 ఆంపియర్ అవర్ల చిన్న కారు బ్యాటరీ నాలుగైదు రోజుల్లో పడిపోతుంది. ఇంజిన్ ఆగి ఉండగా అయ్యే ఈ ఖర్చుకి ఎంత పెద్ద డైనమో వేసినా ప్రయోజనం లేదు.

ఇంజిన్ నడుస్తుండగా వోల్టేజీ

స్టార్ట్ చేసి అన్నీ ఆపి చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటుతుంటే రెగ్యులేటర్ పోయింది, ముందు అది మార్పించండి. లేకపోతే బ్యాటరీ ఉడికిపోతుంది.

ఇప్పుడు ఏసీ, బ్లోయర్ ఫుల్లు, హెడ్‌లైట్లు హై బీమ్, వెనక అద్దం డీఫాగర్, పాటలు, అన్నీ వేసేయండి. ఐడిల్‌లో ఒక అంకె, ఇంజిన్‌ని 2000 దగ్గర పట్టి ఉంచి ఇంకో అంకె రాసుకోండి. ఐడిల్‌లో కూడా 13.5 పైన నిలబడితే మీ కారు హాయిగా ఉంది. ఐడిల్‌లో 12.8కి జారి, 2000లో 14కి వస్తే రెండు కారణాలు ఉండొచ్చు: ఐడిల్‌లో డైనమో నిజంగా చాలకపోవడం, లేదా బెల్టు వదులై లోడ్ పడగానే జారడం. 2000లో కూడా 13 దాటకపోతే అది సైజు సమస్య కాదు. కార్బన్ బ్రష్‌లు అరిగిపోవడమో, డైనమో కరెంటుని డీసీగా మార్చే డయోడ్ ప్లేటులో ఒక డయోడ్ పోవడమో, దారిలో వైరు తినేయడమో. రిపేరు చేయించాల్సిన డైనమో అది.

డయోడ్ పోయిందేమో పట్టుకోవడానికి ఒక సులువైన చిట్కా ఉంది. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి ఉంచి, మల్టీమీటర్‌ని ఇంటి కరెంటు వోల్టేజీ కొలిచే స్థానానికి తిప్పి బ్యాటరీ మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు చూపించాలి. 0.3, 0.5 అలా చూపిస్తే డయోడ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. డయోడ్ ప్లేటు మార్పిస్తే పాత డైనమో మళ్లీ నిండుగా ఇస్తుంది.

కొత్త కార్లున్నవాళ్లకి ఒక హెచ్చరిక. నెగెటివ్ టెర్మినల్ దగ్గర చిన్న ప్లాస్టిక్ డబ్బాలాంటి సెన్సార్, దానికో సన్నటి వైరు కనిపిస్తే మీ కారులో ఛార్జింగ్‌ని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, నడిపిస్తోందని అర్థం. ఇంధనం ఆదా కోసం అది కావాలనే వోల్టేజీని 12.6 దగ్గరికి దించుతుంది, బ్రేక్ వేసినప్పుడు 15 దాకా ఎత్తుతుంది. అది చూసి డైనమో పోయిందని మార్పించేసిన వాళ్లున్నారు. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి చూస్తే చాలా కార్లలో మళ్లీ 14 దగ్గరికి వస్తుంది. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ కార్లలో డైనమో స్థానంలో ఉన్న యంత్రం ఇంజిన్‌ని స్టార్ట్ కూడా చేస్తుంది. దాన్ని తీసి వేరేది పెట్టే ఆలోచనే వద్దు.

ఇంకొక్క మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. డైనమో పనిచేస్తోందో లేదో చూడటానికి నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ టెర్మినల్ ఊడదీసే పాత అలవాటు ఇంకా ఉంది. మీ కారు మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. బ్యాటరీ హఠాత్తుగా పక్కకి తప్పుకుంటే వోల్టేజీ క్షణంలో 60, 70 దాటి ఎగరొచ్చు. ఈసీయూ, మ్యూజిక్ సిస్టమ్, డైనమోలోని డయోడ్లు ఏదైనా పోవచ్చు. కార్బ్యురేటర్ కాలం నాటి బండ్లలో చెల్లిపోయింది, ఇప్పుడు చెల్లదు.

వైర్లు, ఎర్త్: ఎక్కువమంది వదిలేసే చోటు

అన్ని లోడ్లూ వేసి ఇంజిన్‌ని 1500 మీద ఉంచండి. మల్టీమీటర్ ఎర్ర వైరు డైనమో వెనక లావు వైరు వచ్చే బోల్టుకి, నల్ల వైరు బ్యాటరీ పాజిటివ్‌కి తాకించండి. 0.2 వోల్టు లోపు ఉండాలి. 0.5 చూపిస్తే డైనమో చేసిన కరెంటు మీద దారిలోనే సుంకం పడుతోంది. తర్వాత డైనమో బాడీకి, బ్యాటరీ నెగెటివ్‌కి మధ్య చూడండి. ఇక్కడా 0.2 లోపే. ఎక్కువగా ఉంటే ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ పట్టీ విప్పి, తుప్పు గీకి, ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ పూయండి. ఖర్చు పదుల రూపాయల్లో ఉంటుంది. హెడ్‌లైట్లు డల్‌గా ఉన్నాయన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే.

విజయవాడలో ఈ పరీక్షకి ఇంకో కారణం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఎన్నో కార్లు మునిగాయి. వాటిలో బాగుచేసి మళ్లీ రోడ్డెక్కినవి ఉన్నాయి, చేతులు మారినవి ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారులో ఛార్జింగ్ సమస్య వస్తుంటే, వేరే ఏదీ ముట్టుకోకముందు ఎర్త్ పాయింట్లన్నీ విప్పి చూడండి. నీళ్లలో నానిన డైనమోలో బేరింగ్ గరగరమంటుంది, కార్బన్ బ్రష్‌లు తమ గూళ్లలో ఇరుక్కుంటాయి. పెద్దది అక్కర్లేదు, అదే సైజులో మంచిది వేస్తే చాలు.

బెల్టు సంగతి త్వరగా చూసేయొచ్చు. పగుళ్లు, నున్నగా మెరిసే పక్కలు, ఏసీ వేయగానే కీచుమనే శబ్దం ఉంటే మార్చండి. బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బలహీనపడిందేమో కూడా చూడమనండి.

అసలు పరీక్ష: బ్యాటరీలోకి పోతోందా, బయటికి వస్తోందా

పైవన్నీ బాగున్నాయి, అయినా ఇబ్బంది ఉంది. లేదా ఇబ్బంది లేదు కానీ కొత్తగా సామాను బిగించాలనుకుంటున్నారు. అప్పుడు క్లాంప్ మీటర్ పట్టుకోండి.

డీసీ ఆంపియర్లలో పెట్టి, జీరో బటన్ నొక్కి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ నుంచి వెళ్లే వైర్లన్నిటినీ కలిపి దాని నోట్లో పట్టించండి. ఒక్క వైరు బయట మిగిలినా లెక్క తప్పుతుంది. ముందు ఇంజిన్ ఆపి హెడ్‌లైట్లు మాత్రమే వేసి చూడండి. అంకె ముందు మైనస్ ఉందో లేదో గుర్తుంచుకోండి. అది బ్యాటరీ నుంచి బయటికి పోతున్న కరెంటుకి గుర్తు.

ఇప్పుడు కారుని అరగంట నడిపి రండి. గుంటూరు వైపు వారధి దాటి కొంత దూరం వెళ్లి తిరిగొచ్చినా చాలు, బానెట్ కింద బాగా వేడెక్కాలి. పొద్దున చల్లటి ఇంజిన్ మీద కొలిచిన అంకె మిమ్మల్ని మోసం చేస్తుంది, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య కొలవడం మంచిది. వచ్చాక ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, మీరు మామూలుగా వాడే సామానంతా వేసి, ఐదు నిమిషాల పాటు మీటర్ చూడండి. రేడియేటర్ ఫ్యాన్ వచ్చినప్పుడు ఎంత, ఆగినప్పుడు ఎంత, రెండూ రాసుకోండి. తర్వాత 2000 మీద ఇంకోసారి.

కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంటే, లేదా సున్నా దగ్గర ఉంటే, మీకు పెద్ద డైనమో అక్కర్లేదు. ఐడిల్‌లో బయటికి వస్తుంటే ఎన్ని ఆంపియర్లో అదే మీ లోటు. లోటు కనబడగానే కంగారు పడకండి. కంపెనీలు డైనమోని ఎంచుకునేటప్పుడే ఐడిల్‌లో కొంత లోటు వస్తుందని, రోడ్డెక్కాక తీరుతుందని లెక్క వేసుకుంటాయి.

75 ఆంపియర్ల డైనమో ఉన్న పెట్రోలు కారు తీసుకుందాం. ఇంజిన్ నడవడానికి, పెట్రోలు పంపుకి కలిపి 11 ఆంపియర్లు. రేడియేటర్ ఫ్యాన్ 15, కానీ వచ్చి పోతుంటుంది కాబట్టి సగటున 8. బ్లోయర్ మూడో నంబరులో 10, ఏసీ కంప్రెసర్ క్లచ్ 4. మామూలు హాలోజన్ బల్బులైతే ఒక్కోటి 55, 60 వాట్లు, టెయిల్ ల్యాంపులతో కలిపి 11. సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి పట్టుకుంటే బ్రేక్ లైట్లకి 4. పాటలు, ఫోన్ ఛార్జింగ్ 4. మొత్తం 52. వేడి మీద ఐడిల్‌లో డైనమో 45 ఇస్తోందనుకుంటే లోటు 7 ఆంపియర్లు.

మూడు నిమిషాల సిగ్నల్‌లో ఈ లోటు వల్ల బ్యాటరీ నుంచి పోయేది 0.35 ఆంపియర్ అవర్. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఒక్క శాతం. ఏలూరు రోడ్డు మీద తర్వాతి సిగ్నల్ వచ్చేలోపు చాలావరకు తిరిగి నిండుతుంది. ఇదే కారు ట్యాక్సీ అయి, రైల్వే స్టేషన్ బయట ఏసీ వేసుకుని రాత్రిపూట గంటసేపు ఐడిల్‌లో ఉంటే 7 ఆంపియర్ అవర్లు పోతాయి. అంటే బ్యాటరీలో ఐదో వంతు. రోజుకి మూడు నాలుగుసార్లు అలా ఆగి, మధ్యలో ఊళ్లోనే చిన్న ట్రిప్పులు తిప్పితే బ్యాటరీ ఎప్పటికీ నిండదు. సగం నిండిన బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి ఏడాది తిరక్కుండానే పోతుంది. కారు ఒకటే, డైనమో ఒకటే, వాడకాన్ని బట్టి జవాబు మారిపోయింది.

కొత్త సామాను ఎంత లాగుతాయి

సూత్రం చిన్నది: వాట్లను 13.8తో భాగిస్తే ఆంపియర్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ ఫాగ్ ల్యాంపులు రెండు కలిపి 3 ఆంపియర్లు. 45 వాట్ల కారు ఫ్రిజ్ 3 పైన, అదీ ఆగి ఆగి. ల్యాప్‌టాప్ కోసం పెట్టే ఇన్వర్టర్ 300 వాట్లు ఇస్తుంటే, తనలో పోయే వేడితో కలిపి 25 ఆంపియర్ల దాకా లాగుతుంది.

ఆంప్లిఫయర్ దగ్గర ఎక్కువమంది తప్పుదారి పడతారు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే మ్యాక్స్ పవర్ అంకెని పక్కన పెట్టండి, నిలకడగా ఇచ్చే పవర్‌ని చెప్పే ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లు చూడండి. 400 ఆర్‌ఎమ్‌ఎస్ ఇచ్చే క్లాస్ డి ఆంప్లిఫయర్ సమర్థత 80 శాతం అనుకుంటే పూర్తి మోతలో 36 ఆంపియర్లు. పాటలో బేస్ ఎప్పుడూ ఒకేలా మోగదు, సగటున మూడో వంతు, అంటే 12. పాత రకం క్లాస్ ఏబీ అయితే అదే మోతకి ఇంకా ఎక్కువ లాగుతుంది. పై లెక్కలోని కారుకి ఇది బిగిస్తే ఐడిల్ లోటు 7 నుంచి 19కి చేరుతుంది. హైవే మీద మాత్రం 64 ఆంపియర్లు కావాలి, డైనమో ఇంచుమించు అంత ఇస్తుంది. వాడకం ఎక్కువగా గుంటూరు, ఒంగోలు వైపు హైవే మీదైతే పాత డైనమోతో నెట్టుకురావచ్చు. బందరు రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్‌లోనే అయితే కష్టం.

పెద్దది కొనేముందు లోడ్ తగ్గించే దారులూ చూడండి. హాలోజన్ బదులు ఎల్‌ఈడీ ఫాగ్ ల్యాంపులు, పాత ఆంప్లిఫయర్ బదులు క్లాస్ డి, ఆగి ఉన్నప్పుడు బ్లోయర్ ఒక నంబరు తగ్గించడం. 100/90 వాట్ల బల్బులు ఉంటే తీసేయండి. అవి డైనమోని, హోల్డర్లని, ఎదుటి డ్రైవర్ కళ్లని కూడా కాల్చేస్తాయి. హెడ్‌లైట్ డల్‌గా ఉంటే బల్బులకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే రిలే కిట్ వేయించి మామూలు బల్బులే వాడితే వెలుగు స్పష్టంగా పెరుగుతుంది.

నిర్ణయం

నేనైతే ఇలా తేల్చుకుంటాను. వేడి మీద ఐడిల్‌లో లోటు 10 ఆంపియర్ల లోపు ఉండి, రోజులో కనీసం అరగంట ఒక మోస్తరు వేగంతో నడిపే కారైతే వదిలేస్తాను. లోటు 15, 20 దాటి, కారు ఎక్కువసేపు ఆగే నడుస్తుంటే పెద్దది వేస్తాను. మైకు సెట్టుతో ఊళ్లు తిరిగే ప్రచార బండి, ఏసీలో గంటలు ఎదురుచూసే ట్యాక్సీ, ఇన్వర్టర్ మీద పని చేసుకునే బండి, ఇవి రెండో కోవలోకి వస్తాయి. మధ్యలో ఉన్నవాళ్లు ముందు లోడ్ తగ్గించి, నెల రోజులు పొద్దున్నే బ్యాటరీ వోల్టేజీ చూసుకోండి. 12.4 కంటే దిగకపోతే చాలు. కారు వారంటీలో ఉంటే ఆగండి. ఛార్జింగ్ వైరింగ్ ముట్టుకుంటే ఆ తర్వాత వచ్చే ఎలక్ట్రికల్ సమస్యలకి కంపెనీ ఒప్పుకోకపోవచ్చు.

వేయించాలనుకుంటే

అన్నిటికంటే మంచి దారి, మీ ఇంజిన్‌కే కంపెనీ వేరే వేరియంట్‌లో ఇచ్చిన పెద్ద డైనమో. బిగించే చెవులు, కనెక్టర్, పుల్లీ గాడులు కుదురుతాయి. ఆటోనగర్‌లో పార్ట్ నంబరు పట్టుకుని అడిగితే కొత్తదో, మంచి కండిషన్‌లో ఉన్న పాతదో దొరికే అవకాశం ఉంది. పాతది కొంటే బిగించే ముందు టెస్ట్ బెంచ్ మీద తిప్పించి, తక్కువ వేగంలో ఎంత ఇస్తోందో మీ కళ్లతో చూడండి. 120 అని రాసి ఉండి ఐడిల్ వేగంలో మీ పాతదాని కంటే ఐదారు ఆంపియర్లే ఎక్కువ ఇస్తుంటే దానికి డబ్బు పెట్టడం దండగ.

ఉన్నదానికే లావు తీగతో రీవైండింగ్ చేసి ఆంపియర్లు పెంచుతామని కొందరు చెబుతారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. లావు తీగ అయితే అదే గాడిలో తక్కువ చుట్లు పడతాయి. చుట్లు తగ్గితే ఎక్కువ వేగంలో కరెంటు పెరుగుతుంది కానీ, తక్కువ వేగంలో ఛార్జింగ్ మొదలవడమే ఆలస్యమవుతుంది. మనకి కావలసింది సిగ్నల్ దగ్గరి కరెంటు, దొరికేది హైవే మీద కరెంటు. పైగా డయోడ్ ప్లేటు, చల్లబరిచే ఫ్యాన్ పాతవే ఉంటాయి. నేను దీనికి ఓటు వేయను.

డైనమో పుల్లీని చిన్నది చేయడం ఇంకో ఉపాయం. ఐడిల్‌లో కరెంటు పెరుగుతుంది. 5000 దాటని డీజిల్ ఇంజిన్లలో దీనికి కొంత చోటుంది. 6000 పైకి వెళ్లే పెట్రోలు ఇంజిన్‌లో డైనమో 18000 దాటిపోయి బేరింగులు, రోటర్ దెబ్బతినే ప్రమాదం ఉంది. చిన్న పుల్లీ మీద బెల్టు పట్టు కూడా తగ్గుతుంది.

ఈసీయూ నడిపించే డైనమో అయితే, కొత్తదాని రెగ్యులేటర్ అదే భాష మాట్లాడాలి. లేకపోతే బ్యాటరీ లైటు వెలుగుతూనే ఉంటుంది. మైలేజీ విషయంలోనూ ఆశ పెట్టుకోకండి. 100 ఆంపియర్లు తీయాలంటే డైనమో ఇంజిన్ నుంచి మూడు హార్స్‌పవర్ పైనే తీసుకుంటుంది. కరెంటు ఎంత వాడితే పెట్రోలు అంత.

కేబుల్, ఫ్యూజు

పెద్ద డైనమోని పాత సన్న వైరుకి తగిలించడమంత ప్రమాదం ఇంకొకటి లేదు. కంపెనీ వేసిన మెయిన్ ఫ్యూజు 80కో 100కో ఉంటుంది, బ్యాటరీ బాగా దిగిపోయిన రోజు అది పోతుంది. ఎవరైనా దాన్ని తీగముక్కతో కలిపేస్తే వైరు మండుతుంది.

డైనమో నుంచి బ్యాటరీకి కొత్త కేబుల్ వేయించండి. 100 ఆంపియర్లు ఒకటిన్నర మీటర్ల పొడవున 10 చదరపు మిల్లీమీటర్ల రాగిలో వెళ్తే 0.26 వోల్టు పోతుంది, 25లో అయితే 0.1 మాత్రమే. 120 ఆంపియర్ల డైనమోకి 35 వేయిస్తే ఇంజిన్ వేడికి కూడా భయం ఉండదు. పూర్తి రాగి కేబుల్ అడగండి. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ చౌకగా దొరుకుతుంది, చూడటానికి అలాగే ఉంటుంది. చివర కోసి కత్తితో గీకితే తీగ లోపల తెల్లగా కనబడుతుంది. డైనమో కేబుల్‌కి 150 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీకి అర మీటరు లోపే. ఆంప్లిఫయర్ వైరుకి కూడా అదే దూరంలో విడిగా ఫ్యూజు ఉండాలి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి, బ్యాటరీ నెగెటివ్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే ఎర్త్ వైర్లూ అదే లావులోకి మార్చాలి, లేకపోతే పెద్ద డైనమో కరెంటు సన్న ఎర్త్ దగ్గరే ఇరుక్కుంటుంది. కేబుల్ ఎగ్జాస్ట్‌కి దూరంగా, గొట్టంలో, క్లిప్పులతో కట్టించండి. పని చేసేముందు బ్యాటరీ నెగెటివ్ ముందుగా తీయాలి, చివరగా పెట్టాలి.

అయ్యాక అక్కడే, కారు ఇంటికి తేకముందే, క్లాంప్ మీటర్ పరీక్ష మళ్లీ చేయించండి. పాత అంకెలు మీ దగ్గర ఉన్నాయి కాబట్టి తేడా వెంటనే తెలుస్తుంది. వారం తర్వాత బెల్టు బిగువు, కేబుల్ బోల్టులు ఇంకోసారి చూడండి. లోడ్ మీద ఉన్న ఫ్యూజు హోల్డర్‌ని వేలితో తాకితే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండకూడదు. బయట బిగించిన ఎలక్ట్రికల్ సామానుకి మామూలు పాలసీలో కవర్ ఉండదు, విలువ చెప్పి అదనపు ప్రీమియం కట్టాలి. బిల్లులు దాచి, ఈసారి ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి ముందే ఏజెంటుకి ఆ సంగతి చెప్పండి.